నాన్నకు నాలుగు వారాలు

ఆ గురువారం ఉదయం నిశాంత్ సెలవు దరఖాస్తు జేబులో పెట్టుకుని తాముండే యూ టీ స్టేషన్‌లో రైలెక్కాడు. అతను బయల్దేరేసరికి పాప లేవదు, తిరిగొచ్చేసరికి పడుకుంటుంది. బోర్లా పడితే బొబ్బట్లు పంచాలంటారు. బొబ్బట్లు పంచాడుగానీ, పాప బోర్లా పడటం మాత్రం ఫోనులోనే చూశాడు. భార్య ప్రణవి ప్రసూతి సెలవు ముగిసి సోమవారం ఉద్యోగంలో చేరుతోంది. ఇక నాలుగు వారాలు పాప తనదే.

"నాలుగు వారాలా? ప్రణవికి ఏమైందయ్యా?" అన్నాడు మేనేజరు జనార్ధనరావు.

"ఏం కాలేదండీ. తను ఆఫీసుకెళ్తుంది, నేను పాపని చూసుకుంటా. తండ్రులకీ ప్రభుత్వం సెలవిస్తోంది కదండీ."

"ఇస్తుందయ్యా. తీసుకునేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నా," అంటూ మేనేజరు సంతకం పెట్టకుండానే కాగితం తిరిగిచ్చేశాడు.

నిశాంత్ ఏదో దాస్తున్నాడని జనార్ధనరావు పక్క సీటు లతతో అన్నాడు. ప్రణవికి ఒంట్లో బాగాలేదని లత, పక్క పేట బుకిట్ పంజాంగ్‌లో ఉండే, అక్కడి తెలుగువాళ్లందరికీ తెలిసిన వసుంధర ఆంటీకి ఫోను చేసింది. ఆంటీకి ఒంటికంటే కాపురం మీద అనుమానం ఎక్కువ. మధ్యాహ్నానికల్లా ప్రణవి పాపను వదిలేసి వెళ్లిపోయిందన్న కబురు సముద్రం అవతల విశాఖపట్నంలో ఆమె తల్లి లీలావతికి చేరింది. లీలావతి పదకొండుసార్లు ఫోను చేసింది. పాప నిద్రపోతోందని ప్రణవి ఫోను మోగకుండా పెట్టేసింది.

సాయంత్రం నిశాంత్ ఇంటికొచ్చేసరికి గుమ్మం ముందు చెప్పుల గుట్ట. లోపల సాంబారు క్యారియర్లతో లత, ఓదార్పు ముఖంతో జనార్ధనరావు, పాపను ఎత్తుకుని వసుంధర ఆంటీ.

"నేనెప్పుడు లేచిపోయానండీ? కాస్త నాక్కూడా చెప్పండి!" అంటోంది ప్రణవి.

నిశాంత్ మొదట్నుంచీ చెప్పుకొచ్చాడు.

"ఊరికే పాప కోసమా?" అంది ఆంటీ నీరసంగా.

"ఊరికే కాదండీ," అన్నాడు నిశాంత్. "నన్ను చూసి కొత్తవాళ్లని చూసినట్టు ఏడుస్తోంది."

జనార్ధనరావు చాలాసేపు పాపనే చూశాడు. "మావాడి మొదటి అడుగు నేను ఫోటోలో చూశానయ్యా. ఇప్పుడు వాడికి నాతో మాటల్లేవు. ఏదీ, ఆ కాగితం ఇలా ఇవ్వు," అని అక్కడికక్కడే సంతకం పెట్టాడు.

నిశాంత్ కళ్లు తుడుచుకున్నాడు. అప్పుడు ప్రణవి ఫోను చూసుకుంది: తల్లివి పదకొండు కాల్స్, చివర్లో 'బయల్దేరుతున్నా' అని ఒక మెసేజీ. పురిటికి వచ్చివెళ్లిన వీసా ఇంకా చెల్లుతుండటంతో లీలావతి విమానం ఎక్కేసింది.

సోమవారం ప్రణవి ఆఫీసుకెళ్లింది. నిశాంత్ చేతులు చాచాడు.

"మగవాళ్లకి ఇవేం తెలుస్తాయి బాబూ, మీరు ఆఫీసుకెళ్లండి," అంది అత్తగారు పాపను భుజాన వేసుకుని.

"నాకు సెలవండీ."

"అయితే మార్కెట్‌కెళ్లండి."

నెల తిరిగేసరికి యూ టీలో ఏ కొట్లో మునక్కాడలు లేతగా దొరుకుతాయో నిశాంత్‌కు తెలిసింది. పాప ఏ పాటకు నిద్రపోతుందో మాత్రం అత్తగారికే తెలుసు.