నాలుగు గదుల కంప్యూటరు

పదింటికి మీటింగు. మ్యాపులాయన పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కింద చారల పైజమాతోనే కంప్యూటరు ముందు కూర్చున్నాడు. కెమెరాకు నడుము పైభాగం చాలు కదా అని ఆయన ధీమా. నగరంలో బస్సులు తిరిగే దారుల మ్యాపులు గీయడం ఆయన పని. ఆరేళ్ళుగా కాంట్రాక్టు మీదే గీస్తున్నాడు. ఇవాళ తూర్పు లైను మ్యాపు చీఫ్ ఇంజనీరుగారికి నచ్చిందా, ఉద్యోగం పర్మనెంటు. నచ్చలేదా, ఈ నెలాఖరుతో సరి.

ఇంట్లో కంప్యూటరు ఒక్కటే, దాని మీద కన్నేసినవాళ్ళు ముగ్గురు. ఈయన లేవగానే భార్య తన చెల్లెలికి ఉత్తరం రాయడానికి కూర్చుంటుంది. ఆవిడ లేవగానే అత్తగారు పేకాటకు కూర్చుంటారు. కూర్చున్నవాళ్ళు ముందువాళ్ళ పని మూసేయడం, ఆపైన ఇల్లు పీకి పందిరేయడం. ఈ రభస చూడలేక ముందురోజే బావమరిది వచ్చి కంప్యూటరులో ఒక బుల్లి ప్రోగ్రాం ఎక్కించి వెళ్ళాడు.

"ఆవగింజంత ఉంటుంది బావా, కంప్యూటరుకి బరువే తెలీదు. ఒక్క తెరని నాలుగు తెరలు చేస్తుంది. ఎవరి తెర వాళ్ళది, ఎవరి పని వాళ్ళది" అన్నాడు.

నాలుగు తెరలనగానే ఇంట్లో వాటాల పంపకం మొదలైంది. ఒకటోది మ్యాపులాయనకు, రెండోది భార్యకు, మూడోది అత్తగారికి. నాలుగోది ఎవరిదో తేలక ఖాళీగా వదిలేశారు. వాటిని గదులనడం అత్తగారు మొదలుపెట్టారు. భార్య షరతు పెట్టింది: "ఒకరి గదిలోకి ఇంకొకరు చెప్పకుండా రాకూడదు. నా ఉత్తరాలు నావి." ఈ నియమాన్ని అందరూ ఎంత నిష్ఠగా పాటించారంటే, ఆ సాయంత్రం తప్పు మీట నొక్కి మూడో తెరలో పడ్డ మ్యాపులాయన, కూరలు తరుగుతున్న అత్తగారికి వినిపించేలా "క్షమించండత్తయ్యా, చూసుకోకుండా వచ్చేశాను" అని కేకేశాడు.

బావమరిది చెప్పడం మరిచిపోయిన సంగతి ఒకటుంది. మౌసు బాణం తెర కుడి అంచుకు తగిలితే చాలు, ప్రోగ్రాం దానంతటదే పక్క తెరలోకి దూకుతుంది.

పది కొట్టింది. చీఫ్ ఇంజనీరుగారు, ఆవిడకు చెరోపక్కా ఇద్దరు ఆఫీసర్లు ప్రత్యక్షమయ్యారు. మ్యాపులాయన తన తెర వాళ్ళకూ కనిపించేలా పెట్టి, గొంతు సవరించుకున్నాడు.

"బస్సు మార్కెట్ దగ్గర బయల్దేరుతుంది మేడమ్. ఇలా వంతెన దాటి, కళ్ళాసుపత్రి మీదుగా, ఇదిగో ఈ చిట్టచివర గాజు ఫ్యాక్టరీకి..."

ఫ్యాక్టరీ ఉన్నది మ్యాపులో కుడివైపు అంచున. బాణం అక్కడికి చేరిందో లేదో మ్యాపు మాయమై, సగం రాసిన ఉత్తరమొకటి ఊడిపడింది. మ్యాపులాయనకు పై ప్రాణాలు పైనే పోయాయి. అయినా నియమం నియమమే.

"ఏమోయ్, నీ గదిలోకి వచ్చేశాను! కావాలని కాదు!" అని వంటింటివైపు అరిచాడు.

"ఎవరి గదిలోకి?" అన్నారు చీఫ్ ఇంజనీరు.

"మా ఆవిడ గదిలోకి మేడమ్."

"మీరు కూర్చున్నచోటే ఉన్నారు కదండీ!"

"మీటింగని చెప్పి నా గదిలో మీకేం పని? ముందు బయటికి నడవండి!" అని వంటింట్లోంచి జవాబొచ్చింది. ఆఫీసర్లలో ఒకాయనకు దగ్గు తెర పట్టుకుంది.

మ్యాపులాయన కంగారుగా మౌసును మళ్ళీ కుడికే తోశాడు. తెరనిండా పేకముక్కలు.

"అత్తయ్యా, ఇప్పుడు మీ గదిలో ఉన్నానండీ!"

"కదపకండి బాబూ! నిన్నట్నుంచి ముడిపడ్డ ఆట అది" అంటూ అత్తగారు పరుగున వచ్చి, కుర్చీలో సగం ఆక్రమించి, మౌసు లాక్కున్నారు.

"ఎర్ర ఏడుని నల్ల ఎనిమిది మీద పెట్టండమ్మా" అన్నారు చీఫ్ ఇంజనీరు, ఉండబట్టలేక.

"అవును సుమా! ఎవరమ్మా నువ్వు? మా ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు!"

మ్యాపులాయన బావమరిదికి ఫోన్ చేశాడు. "కంట్రోలు పట్టుకుని హోమ్ నొక్కు బావా. అన్నీ ఒకటో తెరలోకి వచ్చేస్తాయి" అన్నాడు వాడు. నొక్కాడు. నిజంగానే అన్నీ వచ్చేశాయి. మ్యాపు మీద పేకముక్కలు, పేకముక్కల మీద తెరంత వెడల్పున ఉత్తరం.

చీఫ్ ఇంజనీరుగారు కళ్ళజోడు సవరించుకుని పైకే చదివారు. "'మీ బావకి మ్యాపులు గీయడమే వచ్చు, బస్సెక్కడం రాదు. కళ్ళాసుపత్రి స్టాపు తీసుకెళ్ళి రోడ్డుకి అవతల పెట్టారు. కళ్ళకి కట్టుతో వచ్చేవాళ్ళు అంత పెద్ద రోడ్డు దాటాలట. నాలుగుసార్లు చెప్పాను. నీకేం తెలుసు అంటారు.'"

గరిటెతో పరుగెత్తుకొచ్చిన భార్య గుమ్మంలోనే కొయ్యబారిపోయింది. ఏం చెయ్యాలో తోచక మ్యాపులాయన లేచి నిలబడ్డాడు. దాంతో చారల పైజమా కూడా మీటింగులో పాల్గొంది.

"స్టాపు నిజంగా అవతలే పెట్టారా?" అడిగారు చీఫ్ ఇంజనీరు. ఆవిడిప్పుడు నవ్వడం లేదు.

"ఇవతల పెడితే మ్యాపులో గీత వంకరవుతుందని మేడమ్..."

"గీత వంకరైతే ఎవరికీ దెబ్బ తగలదండీ."

మ్యాపులాయనకు నిజంగా సిగ్గేసింది. భార్య నాలుగుసార్లు చెప్పిన మాట నిజం. నాలుగుసార్లూ ఆయన తలెత్తి చూడలేదు.

"అదొక్కటే కాదు మేడమ్. వంతెన దిగగానే స్టాపుంది కదా, అక్కడ నిలబడ్డానికి జానెడు చోటు లేదు" అంటూ భార్య ముందుకొచ్చి, గరిటె భర్త చేతిలో పెట్టి, కుర్చీలో మిగిలిన సగంలో కూర్చుంది. అరగంట చెప్పింది. ఆఫీసర్లిద్దరూ రాసుకున్నారు. మ్యాపులాయన వెనక నిలబడి, తన ఆరేళ్ళ నౌకరీకి ఇదే ఆఖరి రోజని నిశ్చయించుకున్నాడు.

వారం తిరక్కుండా ఆఫీసునుంచి రెండు కవర్లు వచ్చాయి. మొదటిది భార్య పేరిట. తూర్పు లైనుకు దారుల పరిశీలకురాలిగా ఉద్యోగం. రెండోది ఆయనది. పర్మనెంటు చేశారు గానీ ఒక నిబంధన పెట్టారు: ఇకపై గీసిన ప్రతి మ్యాపునూ పరిశీలకురాలికి చూపించి, ఆవిడ సరేనన్నాకే పైకి పంపాలి.

పెళ్ళైన నాటినుంచి ఆ ఇంట్లో నోటిమాటగా నడుస్తున్న ఏర్పాటే అది. ఇప్పుడు జీతం ఇస్తున్నారు.