నాలుగోసారి అరవని కారు

మనవరాలి పెళ్లికి కేకు తనే చేస్తానని ఇర్వింగ్ లాపిడస్ మాస్టారు ఆ పిల్ల పాలపళ్ల నాడే మాటిచ్చాడు. పెళ్లి ఇవాళ పదకొండింటికి, సిటీ హాల్లో. జూలై ఎండ ముదిరేలోగా చేరాలని వెన్నక్రీము కేకుతో, భార్య బెర్నీస్‌తో వీధిలోకి దిగాడు.

దిగితే ఏముంది, ఆయన కారుకు అడ్డంగా ఎదురింటి అన్సెల్మో కారు. తప్పు పట్టడానికీ లేదు. వీధి ఊడ్చే బండి వచ్చే రోజున ఊడ్చే వైపు కార్లు ఇవతలి వైపుకొచ్చి రెండో వరుసలో నిలబడటం బ్రూక్లిన్‌లో ఆనవాయితీ. అద్దం వెనక ఫోన్ నంబరు పెట్టి పోవడం మర్యాద. అన్సెల్మో ఆ మర్యాదా పాటించాడు. తీరా ఫోన్ చేస్తే, అది ఆ కారు సీటు మీదే మోగింది. ఎదురింటి తలుపు గంట చెడిపోయి ఏడాదైంది.

"ఇక ఊపడమే!" అన్నాడు మాస్టారు. ఊపితే అలారం కూస్తుంది, కూస్తే యజమాని పరిగెత్తుకొస్తాడు. ఆ వీధిలో అందరికీ తెలిసిన కిటుకే.

ఊపాడు. కూసింది. అన్సెల్మో ఉండే పై అంతస్తు కిటికీ కదల్లేదు. మళ్లీ ఊపాడు, మళ్లీ కూసింది. ఉత్తరాలు పంచే ఓడెట్ సంచీ దించి, "తప్పుకోండి మాస్టారూ, మీ వల్ల కాదు" అని భుజం ఆనించింది. వీధి దద్దరిల్లింది. నాలుగోసారి ఇద్దరూ కలిసి ఊపితే కారు కిక్కురుమనలేదు.

"చచ్చిందా ఏమిటి?" అంది ఓడెట్.

బస్సు కోసం నిలబడ్డవాళ్లూ వచ్చి తలో చెయ్యి వేశారు. కారు ఉయ్యాలలా ఊగింది గానీ నోరు విప్పలేదు.

"క్రీము జారుతోంది మహానుభావా!" బెర్నీస్ అరిచింది. మాస్టారికి ఏడుపొక్కటే తక్కువ.

అప్పుడు దిగాడు అన్సెల్మో, కాఫీ కప్పుతో, వెలిగిపోతున్న మొహంతో.

"విన్నారా మాస్టారూ! నా కారు మిమ్మల్ని నిద్రపోనివ్వట్లేదని వీధి మీటింగులో నన్ను కడిగిపారేశారుగా! కొత్త అలారం పెట్టించా. ఊరికే కుదుపుతుంటే మూడుసార్లు కూస్తుంది. ఆ తర్వాత ఇదేదో లారీల అదురులే, దొంగ కాదులే అనుకుని, గంటదాకా ఎంత ఊపినా పలకదు. పైన కూర్చుని వింటూ ఎంత మురిసిపోయాననుకున్నారు!"

మాస్టారు కారు మీంచి చెయ్యి తీసేశాడు. బెర్నీస్‌కి నవ్వు ఆగలేదు. "నువ్వు అడిగిందేగా ఇచ్చాడు!" అంది.

పెళ్లి సంగతి తెలియగానే అన్సెల్మో నాలిక కరుచుకుని తన కారు తలుపే తెరిచాడు. "మీది తీయడమెందుకు? నాది బయటే ఉంది, ఎక్కండి!"

కేకు ఒక పక్కకు ఒరిగి, వేళకే పెళ్లికి చేరింది. మనవరాలు తాతను వాటేసుకుని ఆ ఒరిగిన పక్కే ముందు తింది.

ఆ నెల వీధి మీటింగులో మాస్టారు మళ్లీ లేచి ఫిర్యాదు చేశాడు. అన్సెల్మో కారు చాలినంత అరవడం లేదట.