కుక్క ఉన్నవాడి జ్వరం

జ్వరాలన్నిటికీ ఒకే పేరు ఉండటం ఎంత సుఖమో మీరెప్పుడైనా ఆలోచించారా? పాతకాలంలో ఒక్కో జ్వరానికి ఒక్కో పేరు, ఒక్కో పథ్యం. ఎంత గందరగోళం! ఇప్పుడు మలేరియాను దేశం నుంచి తరిమేసే పథకం వచ్చింది కదా, ఏ జ్వరమైనా మలేరియానే. వేలికి సూది, గాజుపలక మీద నెత్తురు చుక్క, చేతిలో నాలుగు మాత్రలు, ఇంటి గోడమీద వాళ్లు వచ్చిపోయిన తేదీ. రోగి నోరు తెరవకముందే రోగం తేలిపోతుంది!

ఆ గాజుపలక సంగతి తెలియడానికి నెల పడుతుందని కొందరు సణుగుతారు. తొందరెందుకయ్యా? నెలలో జ్వరమైనా పోతుంది, మనిషైనా పోతాడు. ఏది పోయినా తప్పు గాజుపలకది కాదు.

బెళుగుప్ప దిక్కున గొర్రెలు మేపే మద్దిలేటి ఈ సౌకర్యాలన్నీ అనుభవించాడు. పదకొండు రోజులు ఒళ్లు కాలిపోయింది. భార్య చిన్నక్క ఎద్దులబండి కట్టించి రెండుసార్లు టౌను ఆసుపత్రికి తీసుకుపోయింది. డాక్టరుగారు బల్ల అవతల, రోగి గుమ్మం దగ్గర. అంత దూరం నుంచే రోగం చెప్పడం సామాన్యమైన చదువా! రెండుసార్లూ "మలేరియా" అన్నారు. కాంపౌండరు చెయ్యి తగలకుండా మాత్రలు పైనుంచి జారవిడిచాడు. శుభ్రత అంటే అదీ!

పన్నెండో రోజు మద్దిలేటి పెళ్లాన్ని గుర్తుపట్టలేదు. అదే పూట వాళ్ల కుక్కకు ముక్కులోంచి నెత్తురు కారింది. కుక్క పేరు కరెంటు. ఊరికి కరెంటు ఎటూ రాలేదు, పేరైనా ఉండనీ అని పెట్టుకున్నారు. ఇద్దరినీ బండిలో వేసుకుని చిన్నక్క మళ్లీ టౌనుకు బయల్దేరింది. దారిలో ముందుగా పశువుల ఆసుపత్రి వచ్చింది.

అక్కడి డాక్టరు గౌస్ మొహిద్దీన్‌కు పాపం ఒక ఇబ్బంది. ఆయన రోగులు మాట్లాడరు, కాబట్టి చూడక తప్పదు. కరెంటు చెవులు తిరగేశాడు, గోళ్ల సందులు వెదికాడు, నెత్తురు తాగి ఆముదపు గింజల్లా ఉబ్బిన పిడుదులను పీకాడు. చెవి కొసన నెత్తురు చుక్క తీసి, రంగేసి, మైక్రోస్కోపు ముందు అరగంట కూర్చున్నాడు. కుక్క కోసం అరగంట!

"పిడుదు జ్వరం" అన్నాడు. అప్పుడే బండిలోంచి మూలుగు వినిపించింది. "అదెవరమ్మా?"

"మా ఇంటాయన సాబూ. ఈయప్ప గూడా గొర్లకు, కుక్కకు పిడుదులు పీకి చేత్తోనే నలుపుతాంటాడు. రోంత చూడు."

"నేను పశువుల డాక్టర్ని. మనుషుల్ని చూడగూడదమ్మా."

"పన్నెండు దినాలాయ, మనుషుల డాక్టరు చూడల్యా. నువ్వన్నా గొర్రె అనుకోని చూడు!"

గౌస్ మొహిద్దీన్‌కు నవ్వొచ్చింది. నవ్వుతూనే బండెక్కాడు. మణికట్ల మీద, అరికాళ్లలో ఎర్రటి దద్దులు. మొలతాడు జరిపితే దాని కింద నల్లగా పెచ్చు కట్టిన చిన్న పుండు. పిడుదు కరిచిన చోటు. ఇన్నాళ్లూ అది అక్కడే ఉంది, మొలతాడు జరిపేవాళ్లే లేకపోయారు. చిన్నక్క భోరున ఏడ్చింది. "ఈ మనిషిని చెయ్యేసి చూసింది నువ్వే మొదులు సాబూ" అంది.

ఆయన బండి వెంట నడిచిపోయి, ఆ పుండును మనుషుల డాక్టరుకు చూపించాడు. డాక్టరుగారు కుర్చీలోంచి లేచారు! టెట్రాసైక్లిన్ పడింది. నాలుగో రోజుకు మద్దిలేటి రాగిసంగటి అడిగాడు. ఆసుపత్రి రిజిస్టరులో మాత్రం "మలేరియా, నయమైనది" అని రాశారు. ఆ గడిలో రాయడానికి ఇంకో పేరు లేదట.

ఈ సంగతి పల్లెలకు పాకింది. మరుసటి వారం పశువుల ఆసుపత్రి వరండాలో పద్నాలుగు కుక్కలు, ఒక్కోదాని తాడు పట్టుకుని జ్వరంతో ఒక్కో మనిషి. ఊరకుక్కలకు ఎక్కడలేని గిరాకీ! ఒక కుక్కయితే మూడిళ్ల తరఫున మూడుసార్లు వచ్చి, పీకడానికి పిడుదుల్లేక నిద్రపోయింది. గౌస్ మొహిద్దీన్ ముందు కుక్క చెవి చూసేవాడు, ఆ తర్వాత తాడు పట్టుకున్న మణికట్టు చూసేవాడు. రూలుకు రూలు, వైద్యానికి వైద్యం. నన్నడిగితే ప్రభుత్వం ఇంటికో కుక్కను మంజూరు చేస్తే చాలు, డాక్టర్లను కుర్చీల్లోంచి లేపే శ్రమ తప్పుతుంది.

వరుస చివర ముసలి బయమ్మ కూర్చుంది. ఒళ్లంతా వణుకుతోంది. చేతిలో తాడు లేదు.

"నీ కుక్క యాడమ్మా?" అని అడిగాడు డాక్టరు.

బయమ్మ తప్పుచేసినదానిలా తల వంచుకుంది. "యాడా దొరకల్యా సాబూ. ఉత్త మనిషినే వచ్చినా."