నాంపల్లిలో గీసిన మొదటి గీత

మంగళవారం ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు నాంపల్లిలోని నక్షాల పరిశీలనా మండలిలో ఒక కంప్యూటర్ గీత గీసింది. మండలి చరిత్రలో ఇది మొదటి గీత. పొడవు నాలుగు వేళ్లు. అటెండర్ తడిగుడ్డతో తెర తుడిచి చూశాడు. గీత పోలేదు. అప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు.

మండలికి సొంత ప్రోగ్రామింగ్ భాష ఉంది. పేరు సరళి. బయటి భాషలను నమ్మరాదని ఒకప్పటి కార్యదర్శి తీర్మానించడంతో మండలే దాన్ని తయారు చేయించుకుంది. సరళితో తెర మీద అక్షరాలు పెట్టవచ్చు, బటన్లు పెట్టవచ్చు, బటన్ నొక్కినవారికి రేపు రమ్మని చెప్పించవచ్చు. బొమ్మ గీయడం మాత్రం దానికి రాదు. కట్టడాల నక్షాలు చూసి అనుమతులిచ్చే కార్యాలయానికి ఇదొక లోటని ఎవరికీ తోచలేదు. నక్షాను మాటల్లోకి మార్చి టైపు చేసేవారు. గుమాస్తా దాన్ని పైకి చదివితే ఊహాధికారి కళ్లు మూసుకుని వినేవారు. ఆయనకు ఇల్లు కనబడితే అనుమతి వచ్చినట్టే. (ఈ ఉద్యోగానికి కంటి పరీక్ష లేదు.)

ప్రస్తుత ఊహాధికారి ఇంద్రసేన. మొజంజాహీ మార్కెట్ వెనక సందులో శ్యామ్‌సుందర్ అనే ఆయనకు జ్యూస్ షాపు ఉంది. పోయిన వేసవిలో ఇంద్రసేన ఆ షాపును ఊహిస్తుండగా చాయ్ వచ్చింది. కళ్లు తెరిచి, చాయ్ తాగి, మళ్లీ మూసుకునేసరికి షాపు తలుపు రోడ్డు వైపు నుంచి వెనకింటి బుజ్జమ్మ వంటింట్లోకి జరిగింది. దాంతో రోడ్డు వైపు షట్టర్ అక్రమమైంది. సీలు వేశారు. బుజ్జమ్మ అభ్యంతరం చెప్పలేదు. తలుపు ఎలాగూ తన వంటింట్లోకే వస్తోంది కాబట్టి మొదటి గ్లాసు బత్తాయి రసం తనకే పోయాలని కబురు పంపింది.

శ్యామ్‌సుందర్‌కు ఆ షాపు తప్ప మరో ఆధారం లేదు. అప్పటి నుంచి రోజూ మండలికి వచ్చి ప్రోగ్రామర్ మాబెల్ బల్ల ఎదుట కూర్చుంటున్నాడు. బొమ్మ తెర మీద కనబడితే తలుపు ఎక్కడుందో ఎవరైనా చెబుతారని ఆయన నమ్మకం. మాబెల్ నమ్మకం కూడా అదే. సరళికి గీతలు నేర్పే పనిని ఆమె అడిగి మరీ నెత్తిన వేసుకుంది.

సరళి చెప్పినదాన్ని తెర మీద చూపించే టూల్‌కిట్లు మూడు. ఒకటి కింది అంతస్తు కౌంటర్లది, ఒకటి పై అంతస్తు అధికారులది, ఒకటి ఫోన్ యాప్‌ది. మూడింటినీ మూడు విభాగాలు చేయించాయి. ఆ విభాగాల మధ్య మాటల్లేవు. మంగళవారం గీత వచ్చాక మాబెల్ మూడింటికీ ఒకే నక్షా ఇచ్చింది, శ్యామ్‌సుందర్ షాపుది. కౌంటర్ల టూల్‌కిట్ తెరను పైనుంచి కిందికి కొలిచింది. అధికారుల టూల్‌కిట్ కిందినుంచి పైకి కొలిచింది. యాప్ టూల్‌కిట్ ఏ తప్పూ లేకుండా గీసింది, తెల్ల తెర మీద తెల్ల రంగుతో. (దాని మీద ఇంతవరకు ఫిర్యాదు రాలేదు.)

నక్షాలో రోడ్డు ఎప్పుడూ అడుగునే ఉండాలని నిబంధన. కౌంటర్ తెర మీద శ్యామ్‌సుందర్ తన షాపు చూసుకున్నాడు. తలుపు అడుగున ఉంది.

"ఔ, గిదే నా షాపు. షట్టరు రోడ్డు మీదనే ఉన్నది. జర సీలు తీయమను మేడం."

"తీయాల్సింది పైనున్న సారు, అంకుల్. పదండి పోదాం."

పై అంతస్తు తెర మీద తలుపు పైన ఉంది. ఇంద్రసేన చాలాసేపు చూశారు.

"పైన అంటే వెనక. నేను అప్పుడే చెప్పిన గదా. నా ఊహ తప్పలే."

పై అంతస్తు టూల్‌కిట్ కొలతకు ఒక్క మైనస్ గుర్తు చేరిస్తే బొమ్మ లేచి నిలబడుతుందని మాబెల్ వివరించింది. దానికి గుర్తుల ఉపసంఘం ఆమోదం కావాలని ఇంద్రసేన అన్నారు. ఉపసంఘం కూర్చుని, తలకిందులుగా ఉన్నది ఏ అంతస్తో ముందు తేల్చాలంది. పై అంతస్తని కింది అంతస్తు రాసింది. హోదాలో తాము పైన ఉన్నందున తలకిందులయ్యే అవకాశం లేదని పై అంతస్తు జవాబిచ్చింది.

గురువారం శ్యామ్‌సుందర్ ఓపిక పట్టలేకపోయాడు.

"సార్, గా మానిటర్‌నే తిరగేస్తే అయిపోతది గదా."

నిబంధనల్లో ఎక్కడా నిషేధం లేదు. అటెండర్ మానిటర్‌ను తలకిందులు చేసి పుస్తకాల ఆసరాతో నిలబెట్టాడు. తలుపు అడుగుకు వచ్చింది. (కుడి ఎడమలు కూడా మారాయి. షాపుకు రెండు పక్కలా గోడలే కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.) సీలు తీసే ఉత్తర్వు మీద ఇంద్రసేన సంతకం చేశారు. ముద్ర వేసే నళిని సెలవులో ఉన్నందున సోమవారం రమ్మన్నారు. శ్యామ్‌సుందర్ ఆ సాయంత్రమే కోఠి వెళ్లి కొత్త గ్లాసులు కొన్నాడు.

శనివారం ఉపసంఘం మైనస్ గుర్తును ఆమోదించింది. మానిటర్‌ను మళ్లీ నిటారుగా పెట్టమని మాబెల్ కోరింది. అది ఫర్నిచర్ విభాగం పరిధిలోకి వస్తుందన్నారు. గుర్తు మార్పును మాత్రం ఆ రోజే అమలు చేయాలన్నారు. బయటివారి నక్షాతో పరీక్ష చేయకూడదు కాబట్టి ఆమె మండలి భవనం నక్షానే తెర మీదికి తెచ్చింది. బొమ్మ లేచి నిలబడింది. తిరగేసిన మానిటర్‌లో ఆ భవనం ముందు తలుపు వెనక గోడలో కనిపించింది.

ఇది పరీక్ష మాత్రమేనని మాబెల్ రెండుసార్లు చెప్పింది. ఇంద్రసేన చేయెత్తి ఆపారు.

"మనకొక న్యాయం, జనానికొక న్యాయమా అమ్మా?"

అందరూ బయటికి వచ్చాక, లోపల ఎవరూ లేరని నిర్ధారించుకుని, కార్యాలయం ముందు తలుపుకు సీలు వేయించారు. సంతకమైన ఉత్తర్వు ఆయన బల్ల మీద ఉండిపోయింది. ముద్ర బీరువాలో ఉండిపోయింది.

సోమవారం సిబ్బంది గన్‌ఫౌండ్రీ బస్టాపులో హాజరు వేసుకున్నారు. నళిని సెలవు ముగించుకుని వచ్చింది. సందర్శకులు వెనక తలుపు గుండా రావాలని సీలు పక్కన బోర్డు పెట్టారు. పది గంటలకు భవనం వెనక వరుస మొదలైంది. మొదట శ్యామ్‌సుందర్, ఆయన వెనక మాబెల్ నిలబడ్డారు. వెనక గోడకు తలుపు లేదు.