వాహనం కాదని రుజువు

మా అమ్మ సామ్రాజ్యం చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతున్న ఒక ఆదివారం మధ్యాహ్నం, దేశ రవాణా చరిత్రలోని ఒక మహత్తర ఘట్టం మా వసారాలోకి వచ్చి స్టాండు మీద నిలబడింది. అది కరెంటు సైకిలు. మా అన్న జాన్సన్ దాని పక్కన నిలబడి ఫోనులో చట్టం చదివి వినిపించాడు. గంటకు ఇరవై ఐదు కిలోమీటర్లు దాటని, చిన్న మోటారున్న సైకిలును చట్టం వాహనంగా ఎంచదు. కాబట్టి దానికి నంబరు అక్కర్లేదు, లైసెన్సు అక్కర్లేదు, ఇన్సూరెన్సు అక్కర్లేదు.

అమ్మ చెయ్యి చేటలోనే ఆగింది. "ఏమీ అడక్కుండా మనకు ఏదన్నా ఇచ్చినారా రా ఎప్పుడన్నా?"

(ఈ ప్రశ్నను ఆ రోజు మేము తేలిగ్గా తీసుకున్నాం.)

అమ్మ మార్కాపురంలో ఒక పలకల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. బడిపిల్లలు రాసుకునే రాతి పలకలను కూర్చుని నునుపు చేసే పని. ఫ్యాక్టరీ గేటు ఏడింటికి మూస్తారు. మా ఊరికి మొదటి బస్సు ఏడున్నరకు వస్తుంది. (గేటు వేళలు, బస్సు వేళలు నిర్ణయించే పెద్దలకు ఒకరితో ఒకరికి పరిచయం లేదని తెలుస్తోంది.) ఆటో నిండితే తప్ప కదలదు. మేస్త్రీ వెంకటసుబ్బయ్య ఒక మాట చెప్పేశాడు: "సామ్రాజ్యమక్కా, ఇంకొక్కసారి గేటు బయట నిలబడినావంటే నీ జాగాలో వేరే మనిషిని పెట్టుకుంటా. నన్ను తిట్టుకోబాక." మోకాళ్లు అరిగిన మనిషికి కూర్చుని చేసే పని మా వైపు ఇంకొకటి లేదు. సైకిలు వచ్చింది అందుకే.

తప్పంటూ జరిగితే అది మా వల్లే జరిగింది. మా పల్లెలో ఏ బండి వచ్చినా పాస్టరుగారు దాని మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తారు, ఆ తర్వాత దాని మీద ఏదో ఒకటి రాయిస్తారు. రాత లేని బండిని చూస్తే ఎక్కడినుంచో ఎత్తుకొచ్చినట్టుంటుందని అమ్మ బాధ. జాన్సన్ మార్కాపురం పోయి పెయింటరు చేత ఒక బోర్డు రాయించాడు. పచ్చ రేకు మీద పసుపు అక్షరాలతో "ప్రభువు దయచేసినది". దాన్ని తెచ్చి, మామూలు బండ్లకు నంబరు ఉండే చోట బిగించాడు.

మూడు రోజులు అమ్మ గేటు మూయకముందే చేరింది. నాలుగో రోజు, గురువారం, పని నుంచి తిరిగివస్తుంటే మా దారిలో ఒక టార్పాలిను, ఒక టేబులు, రెండు కుర్చీలు వెలిశాయి. అది ద్విచక్ర వివేచనా కేంద్రం. రోడ్డు మీద పోయేవాటిలో ఏది వాహనమో, ఏది కాదో తేల్చడం దాని పని. (అంతవరకూ ఈ ప్రాంత ప్రజలు ఈ సంగతి తమ సొంత అభిప్రాయాల మీద ఆధారపడి తేల్చుకునేవారు.) దాని సహాయ వివేచనాధికారి కాటమరాజు గారు మర్యాదస్తుడు. అమ్మకు కుర్చీ వేయించి మరీ సైకిలు ఆపుకున్నారు.

"ఇది వాహనమా అమ్మా?"

"కాదంట సార్. మావాడు ఫోన్లో చదివినాడు."

"వాహనం కాకుంటే బోర్డు ఎందుకుంది? బోర్డు ఉంటే దాని మీద నంబరేది?"

"అది దేవుని మాట సార్. ఆయన ఇచ్చినాడని రాయించినాము."

కాటమరాజు గారు బోర్డును రెండుసార్లు చదివారు. "అంటే ఇది నువ్వు కొన్నది కాదు. దానంగా వచ్చింది. ఇచ్చినాయన అడ్రసు?"

"ఆయన అంతటా ఉంటాడు సార్."

"అట్ల కాదమ్మా. శాశ్వత చిరునామా కావాల."

అమ్మ ఆకాశం వైపు చూపించింది. ఆయన అటు చూసి, కాగితం మీద "వేరే జిల్లా" అని రాసుకున్నారు.

సైకిలును కానుగ చెట్టు కింద గొలుసుతో కట్టేశారు. బోర్డు ఉంది కాబట్టి అది వాహనమని అనుమానించవలసి ఉంది; అనుమానిత వాహనానికి ఇన్సూరెన్సు ఉండాలి; ఇన్సూరెన్సు చూపిస్తే వాహనం కాదని ధ్రువపత్రం ఇస్తారు. కబురు అంది పరుగెత్తుకొచ్చిన జాన్సన్ ఈ వాక్యాన్ని మళ్లీ చెప్పించుకున్నాడు. రెండోసారి కూడా అదే వచ్చింది.

అమ్మ ఫ్యాక్టరీకి ఫోను చేసి రెండు రోజులు సెలవు అడిగింది. వెంకటసుబ్బయ్య ఇచ్చాడు. "సోమవారం ఏడింటికి లోపల కనబడాల. లేదంటే మనిషి సిద్ధంగా ఉంది అక్కా. దర్శి నుంచి వచ్చింది, ఇక్కడే గది తీసుకుంది."

శుక్రవారం ఇన్సూరెన్సు ఆఫీసుకు పోయాం. అక్కడి అధికారిణి స్వర్ణలత గారు మా మాట పూర్తిగా విన్నారు. (ఇది నియమావళిలో లేదు, ఆమె సొంత మంచితనం.)

"నంబరు లేనిదానికి మేం ఇన్సూరెన్సు చెయ్యలేమండీ. చట్టం ప్రకారం మీది వాహనమే కాదు."

"ఆ మాటే కాగితం మీద రాసియ్యండి మేడం," అన్నాడు జాన్సన్.

"వాహనాల గురించైతే రాసిస్తాం. వాహనాలు కానివాటి గురించి రాసే అధికారం మాకు లేదు."

అమ్మ గోడ మీది బొమ్మను చూస్తోంది. అందులో ఒక గేదె నవ్వుతోంది. "గేదెకు చేస్తారా అమ్మా?"

"చేస్తాం. చెవికి నంబరున్న ట్యాగు వేస్తాం."

"మరి దీనికీ ఒకటి ఎయ్యండి. హ్యాండిలుకు."

స్వర్ణలత గారు నవ్వలేదు. పై ఆఫీసుకు ఫోను చేశారు. పై ఆఫీసు నుంచి ప్రశ్నలు వచ్చాయి: వయసెంత, గాలికుంటు టీకా వేయించారా, పూటకు ఎన్ని లీటర్లు. జాన్సన్ చివరి ప్రశ్నకు "బ్యాటరీ అయితే పూటకు ఒకసారి నిండుతాది" అని నిజాయితీగా జవాబిచ్చాడు. సాయంత్రానికి దరఖాస్తు తిరస్కరిస్తూ ఒక లేఖ ఇచ్చారు. సదరు సైకిలు పాడి పశువు కాదని అందులో స్పష్టంగా ఉంది.

ఆ లేఖ చూసి శనివారం కాటమరాజు గారు నిజంగా సంతోషించారు. "మంచిది. ఒక అనుమానం తీరింది."

"సార్, సోమవారం ఏడింటికి నేను గేటు లోపల ఉండాల," అంది అమ్మ. "ఏదో ఒకటి తేల్చండి నాయనా. వాహనమన్నా సరే, కాదన్నా సరే."

ఆయన మనసు కరిగింది. అక్కడికక్కడే వేగ పరీక్షకు ఆదేశించారు. జాన్సన్ మా ఊరి వైపు తొక్కాడు, అటు మిట్ట. వేగం ఇరవై దాటలేదు. వెనక్కి తిరిగి మార్కాపురం వైపు వదిలాడు, అటు పల్లం. మోటారు ఆపేసినా ముప్ఫై దాటింది.

"అది పల్లం సార్," అన్నాడు జాన్సన్. "ఉత్త సైకిలైనా పోతాది. రాయిని దొర్లించినా పోతాది."

"రాయి గురించి మాకు ఇంకా ఆదేశాలు రాలేదు," అన్నారు కాటమరాజు గారు.

మధ్యాహ్నానికి ఉత్తర్వు తయారైంది. ఎవరికీ అన్యాయం జరగకుండా రాసిన ఉత్తర్వు అది. సదరు సైకిలు మార్కాపురం నుంచి ఇంటికి వచ్చేటప్పుడు వాహనం కాదు. దాన్ని ఏ కాగితమూ లేకుండా హాయిగా తొక్కవచ్చు. ఇంటి నుంచి మార్కాపురం పోయేటప్పుడు అది వాహనం. నంబరు, లైసెన్సు, ఇన్సూరెన్సు లేకుండా ఎక్కరాదు. (వచ్చేటప్పుడు బోర్డును గుడ్డతో కప్పవలెను.) ఒక వైపు ప్రయాణానికి ఇన్సూరెన్సు ఇచ్చే పథకం పరిశీలనలో ఉందని స్వర్ణలత గారు ఫోనులో ధైర్యం చెప్పారు.

"పోయేటప్పుడు ఎట్ల సార్?" అంది అమ్మ.

"ఎక్కకుండా పక్కన నడిపించుకుని పోవచ్చు. ఎక్కనంత సేపు అభ్యంతరం లేదు. వచ్చేటప్పుడు దర్జాగా ఎక్కి రా."

ఆదివారం ప్రార్థనలో పాస్టరుగారు సైకిలు విడుదలైనందుకు స్తోత్రం చెప్పారు. కాటమరాజు గారి ఆరోగ్యం కోసం కూడా ప్రార్థించారు. అమ్మ అందరికంటే గట్టిగా ఆమెన్ అంది.

మార్కాపురానికి నడిచి పోతే మామూలు మనిషికి రెండు గంటలు. అమ్మ మోకాళ్లకు ఎంతో మాకు తెలియదు, ఆమె ఎప్పుడూ చెప్పలేదు. సోమవారం కోడి కూయకముందే లేచి, అన్నం డబ్బా హ్యాండిలుకు తగిలించి, స్టాండు తీసింది. వాకిలి దగ్గరే పల్లం మొదలవుతుంది. సైకిలు ముందుకు లాగింది. అమ్మ రెండు బ్రేకులూ పట్టుకుంది.

"నేను నడిపించుకుని తెస్తా అమ్మా," అన్నాడు జాన్సన్. "నువ్వు ఆటో కోసం చూడు."

ఆమె తిరిగి చూడలేదు. తనంతట తాను పోగల బండిని పోనివ్వకుండా పట్టుకుని, నడుచుకుంటూ వాకిలి దాటి వెళ్లిపోయింది.