నాకు లేని పన్ను నొప్పి

పన్ను నొప్పి ఎట్లుంటదో నాకు తెల్వకుండె. అయినా దాన్ని రెండు రోజులు మోసిన. అలవాటు లేని మనిషికి చెంప పట్టుకొని మూలుగుడు చిన్న పని కాదు.

సంగతి ఏందంటే, నా భార్య స్వర్ణకు అయిదో నెల. పండ్లు తోముకున్నప్పుడల్లా నురగ ఎర్రగ పడుతున్నది. సూర్యాపేట దవాఖానకు తీస్కపోతే కాన్పుల డాక్టరమ్మ కడుపు కంటే ముందు నోరు చూసింది.

"చిగుళ్లు వాచి చీము పట్టినయ్. ఆ క్రిములు రక్తంల కలిస్తే బిడ్డ దాకా పోతయంటరు. బిడ్డ బరువు తక్కువ పుట్టొచ్చు, పెద్దయినంక షుగరు కూడ రావొచ్చని అనుమానం. ఇంకా ఖాయంగ తేలలే గని, చిగుళ్లు బాగు చేయించుకుంటే మీకే మంచిది," అని పండ్ల డాక్టరు దగ్గరికి పొమ్మన్నది.

షుగరు సంగతి నాకు తెలుసు. మా నాయిన బిక్షం దాంతోనే కాలు పోగొట్టుకున్నడు. పుట్టబోయే బిడ్డకు ఆ ఆస్తి వద్దనుకున్న.

అడ్డమల్లా మా అమ్మ ఐలమ్మ. కడుపుతోని ఉన్నోళ్ల నోట్ల ఇనుము పెట్టొద్దని ఆమె చట్టం. పక్కింటి ఉమ ఏడో నెలల పన్ను చూపించుకొని వస్తే మోతె ఊరంతా వినేటట్టు తిట్టింది. ఆ కాన్పుల పుట్టిన పిల్లగాడు ఇప్పుడు బడికి పోతున్నడు. తిట్లు ఇంకా నడుస్తనే ఉన్నయ్.

"అత్తమ్మకు నేను చెప్త," అన్నది స్వర్ణ.

"నువ్వు చెప్తే వింటదా? డిగ్రీ చదివినోన్ని నేనున్న గద. నేను చూసుకుంట."

"ఎట్ల చూసుకుంటవ్?"

"నాకు పన్ను నొప్పి అంట. నువ్వు తోడొస్తవ్. ఆడ నీ చిగుళ్లు చూపిస్తం. అమ్మకు తెల్వనే తెల్వదు."

"మంచిగున్నది. కానియ్యి," అన్నది స్వర్ణ.

ఆ 'కానియ్యి' దగ్గర నేను జర ఆగి ఆలోచించాల్సింది.

రెండు రోజులు మూలిగినంక, మూడో నాడు పొద్దుగాల మేం బస్సు కోసం పోయేసరికి మా అమ్మ ఇస్త్రీ చీర కట్టుకొని మాకంటే ముందే నిలబడ్డది.

"నువ్వెటే?" అన్న.

"కొడుక్కు నొప్పి అయితే ఇంట్ల కూసుంటనారా? ఏ పన్ను?"

ఎడమ దిక్కు దొరికినదాన్ని చూపించిన.

మా అమ్మ గొర్ల నడుమ పెరిగిన మనిషి. అంగట్ల గొర్రెను కొంటే దవడ పట్టి, నోరు తెరిచి, పండ్లు చూడందే బేరం ఆడదు. బస్సుల నా దవడ గూడ గట్లనే పట్టింది. కండక్టరు టికెట్లు కొట్టుడు ఆపి చూసిండు.

"అవ్వా, ఎన్ని పండ్లేసింది?" అని గొర్రె ఈడు అడిగినట్టు అడిగిండు.

"పండ్లన్నీ ఏసినయ్ బిడ్డా. గుట్కా మేసి ఖరాబు చేసుకున్నడు."

బస్సంతా నవ్వింది. జేబుల గుట్కా పాకిటు నాకు నిప్పు లెక్క తగిలింది.

పండ్ల డాక్టరు ఉషారాణమ్మ దగ్గర రెండు కుర్చీలున్నయ్, చేతికింద ఇంకో చిన్న డాక్టరమ్మ ఉన్నది. నేను ఆమె చెవుల అసలు సంగతి ఊదుదామనుకునేలోపల, "ముందు మావోనిది చూడమ్మా," అని మా అమ్మ నన్ను ఒకదాంట్ల పడేసింది. కుర్చీ ఎనకకు వాలింది. కండ్లల్ల లైటు పడ్డది. స్వర్ణ ఎటు పోయిందో కనిపించలే.

డాక్టరమ్మ నేను చూపించిన పన్నును తట్టి చూసింది. "ఇది రాయి లెక్క ఉన్నది. దీని ఎనక దాంట్లనే ఎలుక బొరియ చేసింది. అది ఇగ ఉండదు, తియ్యాలె."

"తియ్యమ్మా," అని మా అమ్మ నా తల పట్టింది. ఉన్ని కత్తిరించేటప్పుడు గొర్రెను పట్టే పట్టు అది.

సూది కనపడంగనే నా ఉపాయం, నా డిగ్రీ రెండూ ఉరికినయ్.

"అమ్మా, నాకు నొప్పి లేదే. అబద్ధం చెప్పిన. స్వర్ణ చిగుళ్ల కోసం గిట్ల చేసిన."

"తెలుసు బిడ్డా. నోరు తెరువు."

నోట్ల దూదితోని లేచి చూస్తే, రెండో కుర్చీల స్వర్ణ చిగుళ్లు శుభ్రం చేయించుకొని నోరు పుక్కిలిస్తున్నది. మా అమ్మ పోయి గిలాస పట్టుకున్నది.

"ఎట్ల తెలిసింది?" అన్న దూదిల నుంచి.

స్వర్ణ మూతి తుడుచుకున్నది. "మొన్ననే చెప్పిన. 'అత్తమ్మా, పండ్లు చెడ్డ గొర్రెను ఎందుకు కొనం?' అని అడిగిన. 'అది మెయ్యలేదు, దాని పిల్ల ఎదగదు' అన్నది. 'డాక్టరమ్మ నాకు గదే చెప్పింది' అన్న. అప్పుడే పోదామన్నది. నువ్వు ఎట్లాగూ మూలుగుడు మొదలుపెట్టినవ్ గద, జర ఆగినం."

"మరి ఉమను ఎందుకు తిట్టినవే?" అన్న మా అమ్మను.

"అది నా జల్లెడ తీస్కపోయి ఇప్పటిదాంక ఇయ్యలే," అన్నది మా అమ్మ.

"మరి నా పన్ను?"

"నొప్పన్నది నువ్వేనాయె," అన్నది స్వర్ణ. "బిడ్డకు నా దిక్కు నుంచి రోగం రాకుంట నేను చూసుకున్న. నీ దిక్కు అత్తమ్మ చూసుకున్నది."

ఆ మాట అయిపోకముందే మా అమ్మ నా జేబుల చెయ్యి పెట్టి గుట్కా పాకిటు తీసి చెత్తడబ్బల ఏసింది.

బస్టాండుల అత్తాకోడండ్లు మిర్చి బజ్జీలు కొనుక్కున్నరు. వేడి వేడిగ ఒకటి నా దిక్కు జరిపింది స్వర్ణ.

"వానికి పెట్టకు," అన్నది మా అమ్మ. "వానికి పన్ను నొప్పి."

అప్పటికి మత్తు దిగింది. ఈసారి నొప్పి నిజమే గని, చెంప పట్టుకొని ఎంత మూలిగినా ఇద్దర్ల ఒక్కరూ నమ్మలే.