నటరాజన్ ఇంటికి విజయ వచ్చిన రోజు

అన్నూరులో ఎనిమిది పవర్‌లూములు నడిపే నటరాజన్ ఆ శుక్రవారం పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య పంకజం తొమ్మిది గంటల బస్సుకు కోయంబత్తూరు వెళుతుంది. పదకొండింటికి కొరియర్ వస్తుంది. అందులో వచ్చే మందు సీసాను బీరువాలో దాచేస్తే పని అయిపోతుంది.

పదిహేనేళ్ల షుగరు ఆయన పాదాల నరాలను పట్టుకుంది. అరికాళ్లకు మిరపపొడి రుద్దినట్టు ఒకటే మంట. మింగిన మాత్రలన్నిటికీ తల తిరిగిందే తప్ప మంట తగ్గలేదు. చివరికి ఒక ఆయుర్వేద డాక్టరమ్మ విజయ తైలానికి చీటీ రాసిచ్చింది. ఆయుర్వేదంలో గంజాయికి విజయ అని పేరు. మొదటి సీసాతో ఆయన నాలుగైదు గంటలైనా నిద్రపోయాడు. ఆ సంగతి ఇంట్లో చెప్పే ధైర్యం మాత్రం రాలేదు.

గొడుగు మరిచి వెనక్కి వచ్చిన పంకజానికి గదిలోంచి ఫోన్ మాటలు వినబడ్డాయి.

"విజయ ఈ పొద్దు తప్పకుండా వొస్తాదా సార్? పోయిన నెలంతా విజయ ఉండె, హాయిగా నిద్రపోతిని. ఇప్పుడు పది దినాలుగా కన్ను మూతపడలే. పదకొండుకి పంపండి. నా పెండ్లాము ఇంట్లో ఉండదు."

పంకజం బస్సు ఎక్కలేదు. పక్క సందులో నిలబడి సూలూరులో ఉన్న అన్న వరదరాజకు ఫోన్ చేసింది.

"అన్నా, ఈయన ఎవతినో పెట్టుకొని ఉండాడు! పేరు విజయ. దాన్ని పంపేదానికి ఒక సారు కూడా ఉండాడు!"

పదిన్నరకల్లా వరదరాజ కారు వాకిట్లో ఆగింది. దారిలో నటరాజన్ అక్క ధనమ్మాళ్‌ను కూడా ఎక్కించుకొచ్చాడు. సందులోంచి వచ్చిన పంకజం వాళ్ల వెనకే ఇంట్లోకి నడిచింది.

"ఏమి, చెప్పకుండా వొస్తిరి?" అన్నాడు నటరాజన్.

"విజయను చూసి పోదామని, మాప్పిళ్ళై," అన్నాడు వరదరాజ చెల్లెలి మొగుడితో.

నటరాజన్ ముఖం పాలిపోయింది. "మీకెట్ల తెలిసె?"

"ఎన్ని దినాలుగా రా?" అంది ధనమ్మాళ్.

"నెల దాటె అక్కా. ముందు భయపడితిని, ఇప్పుడు అలవాటాయె. దినానికి రెండు తూర్లే. డాక్టరమ్మే చీటీ రాసిచ్చె."

"దీనికి చీటీ కూడానా!" అంటూ పంకజం చెవులు మూసుకుంది.

ధనమ్మాళ్ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "పోనీలే పంకజం. మొగోళ్లన్నాక ఇవన్నీ ఉండేవే. నువ్వే కొంచం సర్దుకో."

"ఊర్లో తెలవకుండా చూసుకుందాం," అన్నాడు వరదరాజ.

అంతలో కొరియర్ వచ్చింది. వరదరాజ చొరవగా పెట్టె చింపి, సీసా తీసి, దాని మీది కాగితం చదివాడు. రెండోసారి చదివి కుర్చీలో కూలబడ్డాడు.

"అడ కడవుళే, దేవుడా! ఇది కంజా, గంజాయి! ఆడది అనుకొని కదా ఇంత నిదానంగా ఉంటిని! కోవిల్ కమిటీలో నా మానమేమైతాది? ఇప్పుడే కాలవలో పోస్తా!"

"నేనింక ఈ ఇంట్లో నీళ్లు కూడా తాగను," అంది ధనమ్మాళ్.

పంకజం చెవుల మీది చేతులు తీసింది. లేచి వెళ్లి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"సీసా ఈడ పెట్టన్నా. ఆడదైతే నేను సర్దుకోవాలె, మందైతే మీ మానం పోతాదా?"

"పోలీసులొస్తే?"

"రానీ. చీటీ నేనే చూపిస్తా. ఈయన కాళ్లు మండి ఏడిస్తే మీ మానం వొచ్చి విసనకర్రతో విసిరెనా?"

వరదరాజ సీసా ఇచ్చేశాడు. పంకజం డాక్టరమ్మ చీటీ అడిగి తీసుకుంది, ఎన్ని చుక్కలో చూసుకుంది, భర్త ఎదుట నిలబడింది.

"నాతో చెప్పకుండా దాచినందుకు విచారణ వేరే ఉండాది. ఇప్పుడు నోరు తెరవండి."

అందరూ చూస్తుండగానే ఆయన నాలుక కింద చుక్కలు వేసింది. అన్న, ఆడపడుచు కాఫీ అయినా తాగకుండా కారెక్కారు.

మూడు నెలల తరువాత డాక్టరమ్మ గుణం ఎలా ఉందని అడిగింది. మంట సగం తగ్గిందని నటరాజన్ చెప్పాడు. బంధువులు పూర్తిగా తగ్గారని పంకజం చెప్పింది.